దారిలో మా సగం

నిజం చెప్పినందుకు దేవుడు కోప్పడతాడా అన్న అనుమానం నాకు ఇరవై ఎనిమిదేళ్లుగా ఉంది. ఎవరినీ అడగలేదు. ప్రార్థన చేయించే పెద్దాయన్ని అడుగుదామని రెండుసార్లు బయల్దేరి వెళ్లి, ఆయన మోకాళ్ల నొప్పి ఎలా ఉందో కనుక్కుని తిరిగొచ్చాను. పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వస్తుంది. నా చదువు ఎనిమిదో తరగతితో సరి. అబద్ధమాడకూడదని మా అమ్మ చెప్పింది, ఆడలేదు. ఒకే ఒక్కసారి, ఆడానని కాగితం మీద సంతకం పెట్టాను. ఆ సంతకమైనా నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

అది గాలి తిరిగి వానలు దిగడానికి ముందు వచ్చే మూడు నెలల ఎండాకాలం. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఎండ కూడా తీపిగానే ఉంటుంది. అత్తయ్య బతికి ఉంది. మా ఆయనకు జుట్టు నల్లగా ఉంది. ఇంటి వెనక షెడ్డులో మా మరిది బాడిసతో చెక్క చెక్కుతుంటే ఆ చప్పుడే మాకు గడియారం. అది ఆగిందంటే వంట అయిందో లేదో చూసుకోవాలన్నమాట.

మా ఇల్లు దీవికి పడమటి వాలు మీద. పైన ఇళ్లు, ఇళ్ల కింద తోటలు, తోటల కింద సముద్రం. మా తోటకీ పక్కింటి వలల పిన్ని తోటకీ మధ్య ఎనిమిది మూరల వెడల్పున దారి ఉండేది. పిన్ని అంటే మాకు చుట్టరికం ఏమీ లేదు. వలలు అల్లి, చిరిగినవి బాగుచేసి బతికే మనిషి, ఊరంతా ఆమెను అలాగే పిలిచేది. ఊళ్లోవాళ్లు ఒడ్డుకి దిగేది ఆ దారినే. మా షెడ్డులో కట్టిన పడవలు నీళ్లు చూసేది ఆ దారినే. లాంచీ ఆగే రేవు దీవికి రెండో వైపు ఉంది గానీ, అటు నూటపది మెట్లు. మనిషి దిగడానికే ఆయాసం, ఇక పడవ ఎక్కడ దిగుతుంది.

ఆ దారిని ఊడ్చేది మా రెండిళ్లే. నడుమ దాకా మేము, నడుమ దాకా పిన్ని. ఎవరు పెట్టిన ఏర్పాటో ఎవరికీ తెలియదు. నేను కాపురానికి వచ్చిన మూడో రోజునే అత్తయ్య నా చేతికి చీపురిచ్చి, పై నుంచి ఒడ్డు దాకా చూపించి, "ఇదీ మన సగం" అంది. ఎండాకులు, ఇసుక, పై నుంచి దొర్లుకొచ్చే గులకరాళ్లు. వానకి గుంట పడితే అది ఎవరి సగంలో ఉంటే వాళ్లు పూడ్చాలి. నడిమధ్యన పడితే పిన్నీ నేనూ కలిసి పూడ్చి, పూడ్చాక కాసేపు కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఈ ఊళ్లో గుంటలన్నీ నడిమధ్యనే ఎందుకు పడతాయో అర్థం కావడం లేదని మా ఆయన వెక్కిరించేవారు.

దీవుల్లో భూములు కొంటున్నారన్న సంగతి ముందు రేడియోలో విన్నాం. ఎక్కడో దక్షిణాన ఒక దీవిని సగానికి సగం ఒక్కడే కొన్నాడట. ఇంకో దీవిలో కొండ కొన్నవాడు కొండ చుట్టూ ఉన్న నీళ్లలో కూడా తాడు కట్టాడట. మా ఆయన లాంచీ ఇంజను నడిపేవారు కాబట్టి అవతలి ఒడ్డు కబుర్లన్నీ మోసుకొచ్చేవారు. అక్కడ జనం ఊరేగింపులు తీస్తున్నారని, సముద్రం ఎవరిదని గోడల మీద రాస్తున్నారని చెప్పేవారు. మేము వింటూ భోజనం చేసేవాళ్లం. మన దాకా వస్తుందనుకోలేదు.

వచ్చింది. కొన్న ఆయన్ని మేమెవరం దగ్గరగా చూడలేదు. ఒకే ఒక్కసారి హెలికాప్టర్‌లో వచ్చి దీవి మీద మూడుసార్లు తిరిగి వెళ్లిపోయాడు. అందుకే గాలిదొర అని పేరు పెట్టారు. నేను తోటలో బట్టలు ఆరేస్తున్నాను. కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపినట్టనిపిస్తే మర్యాద కోసం నేనూ ఊపాను. "తోట చూడ్డానికి వచ్చినవాణ్ణి ఇంట్లోకి కూడా రమ్మన్నావే" అని అత్తయ్య పోయేదాకా ఆ విషయం దెప్పుతూనే ఉంది.

బేరం చేయడానికి వచ్చింది మాత్రం ఆయన తరఫు మనిషి, చాలా నెమ్మదస్తుడు. చెప్పులు బయట విప్పి, అత్తయ్య పక్కన కింద కూర్చుని మాట్లాడేవాడు. పడమటి వాలు మీద తోటలున్న పన్నెండిళ్లకూ ఒకే ధర చెప్పాడు. మా తోటలో కాపు అప్పటికే తగ్గిపోయింది. ఇంటి పైకప్పు మూడు చోట్ల కారుతోంది. అన్నదమ్ములిద్దరూ రెండు రోజులు మాట్లాడుకున్నారు. తోటే కదా అన్నారు మా ఆయన. షెడ్డు జోలికి రాకపోతే నాకేం అభ్యంతరం లేదన్నాడు మా మరిది. పిన్నికి వేరే కారణం ఉంది. అవతలి ఒడ్డున ఉన్న మనవరాలికి గుండెకు ఆపరేషన్ చేయించాలి. పన్నెండిళ్లూ ఒప్పుకున్నాయి. ఇందులో ఎవరినీ తప్పు పట్టలేను, మాతో సహా.

సర్వేయరు వచ్చిన రోజు మగవాళ్లెవరూ ఇంట్లో లేరు. నేను దారి ఊడుస్తున్నాను. ఎదుటి వైపు పిన్నీ ఊడుస్తోంది. సర్వేయరు చిన్న వయసువాడు. ఎండకి ముఖం కందిపోయి ఉంది. టేపు ఒక చివర తోట అవతలి గట్టు దగ్గర మేకుకి తగిలించి, రెండో చివర పట్టుకుని దారిలోకి వచ్చాడు.

"మీ మేర ఎక్కడిదాకా అమ్మా?" అని అడిగాడు.

రోజూ చేసే పనే కదా. నేను ముందూ వెనకా ఆలోచించలేదు. దారి మధ్యకు నడిచి చీపురు నేలకి ఆనించి, "ఇక్కడిదాకా" అన్నాను. అతను పిన్ని వైపు తిరిగి అదే అడిగాడు. పిన్ని నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె కూడా వచ్చి తన చీపురు నా చీపురు పక్కన ఆనించి, "ఇక్కడిదాకా" అంది.

అతను నవ్వాడు. "ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. హద్దు దగ్గర జానెడు నేలకి తలలు పగలగొట్టుకునే వాళ్లనే చూశాను. ఇంత నిజాయితీగా చెప్పే ఇరుగుపొరుగుని ఇదే చూడటం" అన్నాడు. మాకు గర్వంగా కూడా అనిపించింది. పిన్ని అతనికి టీ ఇచ్చింది. నేను కాగితం మీద సంతకం పెట్టాను, పిన్ని వేలిముద్ర వేసింది. ఆ రాత్రి దేవుడికి దండం పెట్టుకుంటూ, అందరూ మెచ్చుకునేలా నడిపించావు స్వామీ అనుకున్నట్టు కూడా గుర్తు.

మూడు వారాల తర్వాత కంచె వేశారు.

ముళ్లతీగ తోటల పై అంచు మీదుగా ఒక కొస నుంచి రెండో కొస దాకా సాగింది. దారి దగ్గర ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. దారికి అడ్డంగా రెండు స్తంభాలు పాతి, తీగ బిగించి ముందుకు పోయారు. ఊరంతా పరుగెత్తుకొచ్చింది. నెమ్మదస్తుడైన ఆ మనిషి మళ్లీ చెప్పులు విప్పి, కాగితాలు తీసి చూపించాడు. ఈ తోట మేర దారి మధ్యదాకా, ఆ తోట మేర దారి మధ్యదాకా. రెండు తోటలూ కొన్నాం. మధ్యలో మిగిలిందేమీ లేదు. దారి అనేదేదైనా ఉంటే చూపించండి అన్నాడు. ఎవరికి వాళ్లం కళ్లముందున్న దారిని చూశాం గానీ కాగితంలో అది లేదు.

ఆ మేర ఎవరు చెప్పారన్న ప్రశ్న సాయంత్రానికి మా ఇంటికి వచ్చింది. షెడ్డులో సగం పైగా పూర్తయిన పడవ ఉంది. మామయ్య పోయాక మా మరిది తన చేత్తో మొదటినుంచీ కట్టిన మొదటి పడవ అది. పక్క దీవిలో చేపలు పట్టే మొగుడూ పెళ్లాలు అడిగి కట్టించుకుంటున్నారు. గాలి తిరిగేలోపు ఇస్తానని మాటిచ్చాడు. అతను పడవ పక్క మీద చెయ్యి ఆనించి నిలబడి, "మధ్యదాకా అని ఎవరు చెప్పారు?" అని అడిగాడు.

"నేనే" అన్నాను. "మనం ఊడ్చేది అక్కడిదాకానే కదా."

 అతను తిట్టి ఉంటే బాగుండేది. చిత్రిక అందుకుని అప్పటికే నునుపుగా ఉన్న చెక్కని మళ్లీ పట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి నన్ను వదినా అని పిలవడం మానేశాడు. ఏదైనా కావాలంటే గోడతో చెప్పినట్టు చెప్పేవాడు.

ఊరి కోపం ఇంకో రకం. ఆ నెల్లాళ్లూ మా దీవిలో ఇద్దరు కలిస్తే అదే మాట. లాంచీలో గాలిదొర సిమెంటు బస్తాలు వస్తే ప్రయాణికులు వాటి మీద కాళ్లు చాపుకుని కూర్చుని, దింపుకోండి చూద్దాం అనేవాళ్లు. మా ఆయన, ఆయనతోటి వాళ్లూ మూడు రోజులు ఇంజను పాడైందని చెప్పి సిమెంటు ఎక్కించలేదు. అబద్ధం కదండీ అన్నాను. "పాడవలేదని నువ్వు వెళ్లి చెప్పకు, నీకు పుణ్యముంటుంది" అన్నారు. అవతలి ఒడ్డు నుంచి పత్రికలవాళ్లు వచ్చి కంచె ముందు మమ్మల్ని నిలబెట్టి ఫొటోలు తీశారు. కోపంగా చూడమన్నారు. అత్తయ్యకు చెప్పాల్సిన అవసరం రాలేదు.

బడిలో సభ పెట్టినప్పుడు ఒక్కొక్కరూ లేచి డబ్బున్నవాళ్లని దుమ్మెత్తిపోశారు. భూమ్మీద చోటు చాలక నీళ్లలో ఉన్నవి కూడా కావాలా వీళ్లకి అన్నాడొకడు. ఎప్పుడూ వచ్చి ఉండని మనిషికి ఒడ్డెందుకు అంది మంత్రసాని. నేను వెనక బల్ల మీద కూర్చుని విన్నాను. అన్నీ సరైన మాటలే. కానీ ఆయన మన దారిని దొంగతనంగా ఎత్తుకుపోలేదు కదా, నేను చీపురు ఆనించి చూపిస్తే తీసుకున్నాడు కదా అని నాకు లోపల గొడవగా ఉండేది. అడిగి తీసుకున్నాడంటే తప్పు నాది. అడగడంలోనే మోసం ఉందంటే తప్పు ఆయనది. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఏదీ పూర్తిగా ఒకవైపు ఒరిగేది కాదు.

అసలు భయం పడవ గురించి. చెక్క పడవ తయారయ్యాక త్వరగా నీళ్లలోకి దిగాలి. చెక్క నీళ్లు తాగి ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. మరిది సందుల్లో నార దట్టించి, పైన తారు పూసి, పని ముగించేసరికి ఎండలు ముదిరాయి. పడవ షెడ్డులోనే ఉండిపోయింది. నాలుగో రోజున అడుగు చెక్కల మధ్య వెంట్రుకంత సందు కనిపించింది. ఎనిమిదో రోజుకి అందులో గోరు దూరింది. అతను గోనెపట్టాలు తడిపి కప్పేవాడు. నేను పొద్దున్నే లేచి దీపం పెట్టి, దారి ఊడ్చే పని ఎటూ లేదు కాబట్టి బావి నుంచి బిందెలతో నీళ్లు మోసి ఆ గోనెల మీద పోసేదాన్ని. వద్దనలేదు, పొయ్యమనలేదు. బిందె బరువు దించడానికి మాత్రం చెయ్యి అందించేవాడు.

ఒకరోజు భోజనాల దగ్గర మా ఆయనతో అన్నాడు. ఈ పడవ దిగకపోతే ఇక కట్టనని, గాలిదొర అతిథుల ఇంటికి తలుపులు బిగించే పనికి మనుషులు కావాలంటున్నారని, పోతానని. అత్తయ్య ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. "మీ నాన్న బాడిస ఆ ఇంటి తలుపుకి వాడతావా" అని మాత్రం అడిగింది. అతను చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

జనం ఊరుకోలేదు కాబట్టి విచారణకి ఒక అధికారిని పంపారు. ఆయన బడిలో మూడో తరగతి గదిలో కూర్చున్నాడు. పిల్లల బల్లకి మోకాళ్లు తగులుతుంటే పక్కకి తిరిగి రాసుకుంటున్నాడు. మంచిగానే మాట్లాడాడు. ఊరివాళ్లు ఎంత అరిచినా నాకు పనికిరాదు, మేర చెప్పిన ఇద్దరే చెప్పాలి అన్నాడు. పిన్ని రాలేదు. నేను వెళ్లాను.

మేము ఊడ్చేది మధ్యదాకా, కానీ ఊడ్చినంత మాత్రాన దారి మాది కాదు అని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మరి ఎవరిదమ్మా?"

"నడిచేవాళ్లదండీ."

"అలా రాయడానికి నాకు గడి లేదు" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే కాగితం తిప్పి చూపించాడు. యజమాని పేరు రాసే గడి ఉంది, అంతే. "నేను చేయగలిగింది ఒకటే. ముందు మీరు చెప్పిన మేర తప్పు అని రాసి సంతకం పెడితే మీ వైపు వరకు కొట్టేస్తాను. ఆ మేరకి వచ్చిన డబ్బు వెనక్కి కట్టాలి. తెలిసి తప్పు చెప్పానని రాయాల్సి ఉంటుంది. తెలియక చెప్పానంటే వాళ్ల లాయరు ఒప్పుకోడు."

కిటికీలోంచి మా మరిది కనిపిస్తున్నాడు, బయట గోడకి ఆనుకుని ఉన్నాడు. లోపలికి చూడటం లేదు.

తెలిసి తప్పు చెప్పలేదు. ఆ రోజు నా మనసులో తప్పు లేదు. దేవుడికి తెలుసు. అయినా ఆ దారి మాదని చెప్పడం నిజమెలా అవుతుంది? అది కూడా దేవుడికి తెలుసు. రెండూ తెలిసిన ఆయన ఏమీ చెప్పలేదు. ఎదుటి గోడ మీద పిల్లలు దిద్దిన అక్షరాలున్నాయి, వాటినే కాసేపు చూశాను. ఆ తర్వాత సంతకం పెట్టాను. అధికారి పెన్ను బాగా రాసింది.

ఇంటికి వచ్చేటప్పుడు మరిది నా వెనకాలే పదడుగుల దూరంలో నడిచాడు. 

మా సగానికి వచ్చిన డబ్బు వెనక్కి కట్టాం. పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. మా సగం వదిలారు. పిన్ని సగం వదల్లేదు. దారి నడిమధ్యన, మేము చీపుర్లు ఆనించిన వరస వెంబడే కొత్తగా స్తంభాలు పాతి పై నుంచి ఒడ్డు దాకా ముళ్లతీగ లాగారు. అమ్మిన మా తోట గట్టు మీదా తీగ వేయడంతో, మధ్యలో నాలుగు మూరల సందు మిగిలింది. మనిషి నడవచ్చు. పడవ, దాన్ని రెండు పక్కలా మోసేవాళ్లు, పట్టరు.

ఇక ఊరి కోపమంతా పిన్ని మీదకి తిరిగింది. గాలిదొర అందే మనిషి కాదు కదా, పిన్ని అందుతుంది. దారి అమ్ముకున్న మనిషి అన్నారు. చిరిగిన వలలు ఆమెకి ఇవ్వడం మానేశారు. వెనక్కి కట్టడానికి ఆమె దగ్గర డబ్బు లేదని, అది మనవరాలి గుండెలోకి పోయిందని అందరికీ తెలుసు. తెలిసినా అన్నారు. నేను ఒక్క మాట అనలేదు. అనేవాళ్లని ఆపలేదు కూడా. సర్వేయరు అడిగినప్పుడు ఆమె నా వైపు చూసిందని, నేను తల ఊపానని ఊరికి చెప్పలేదు. ఆ నెలలో ఆమె గడప తొక్కలేదు. పగలు నీళ్లు మోస్తున్నాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గాలి తిరగడానికి వారం ఉందనగా మా మరిది కొలత కర్ర తీసుకుని ఆ సందులోకి దిగాడు. వెడల్పు కొలిచాడు, పడవ లోతు కొలిచాడు. వచ్చి మా ఆయనతో, "పక్కకి తిప్పి మోస్తే పడుతుందన్నయ్యా" అన్నాడు. పడవని నిలబెట్టినట్టుగా ఒక అంచు మీద పట్టుకోవాలి. మోసేవాళ్లు ఒక పక్కనే ఉండాలి. లోపలి బల్లలన్నీ ఊడదీస్తే బరువు తగ్గుతుంది. ఇంతకుముందు ఎవరూ అలా మోయలేదు.

మర్నాడు పొద్దున్నే నలభైమంది దాకా వచ్చారు. సిమెంటు బస్తాల మీద కాళ్లు చాపుకున్న వాళ్లూ, సభలో అరిచిన వాళ్లూ, మంత్రసాని కూడా. ఆడా మగా చూడలేదు, ఎత్తుని బట్టి నిలబెట్టాడు మా మరిది. నేను తోక వైపు. పడవ అంచు మీద లేచేసరికి అందరి నోళ్లూ మూతబడ్డాయి. ఇన్నాళ్లూ అరిచిన జనం అంత నిశ్శబ్దంగా నడవడం అప్పుడే చూశాను. అడుగులో అడుగు వేసుకుంటూ పోతుంటే చెక్కకీ తీగకీ మధ్య బెత్తెడే ఉంది.

పిన్ని పెరటి కింద దారి వంపు తిరుగుతుంది. అక్కడ నేలలో బండ ఉండటం వల్ల స్తంభాలు మా వైపుకి ఒరిగాయి. పడవ ముందు భాగం తిరిగింది. తోక తిరగలేదు. తిరగాలంటే కంచె మీద నుంచి అవతలికి వెళ్లి రావాలి. ముళ్లతీగ మీద ఈడిస్తే కొత్త చెక్క చీరుకుపోతుంది, దట్టించిన నార ఊడి వస్తుంది. ముందుకి పోలేం, అంత బరువుతో ఎత్తు మీదకి వెనక్కీ పోలేం. భుజాలు వణుకుతున్నాయి. కంచె అవతల నిలబడ్డ కాపలావాడు తీగ ముట్టుకోకండి అన్నాడు. మెల్లిగానే అన్నాడు.

అప్పుడు పిన్ని పెరటి తలుపు తీసుకుని వచ్చింది. రెండు భుజాల మీదా వలలున్నాయి. చిరిగినవి కావు. ఊరు పని ఇవ్వడం మానేశాక ఖాళీగా ఉండలేక ఆ నెలంతా అల్లిన కొత్త పెద్ద వలలు, అవతలి ఒడ్డున అమ్ముకోవడానికి ఉంచుకున్నవి. ఎవరినీ చూడలేదు. కాపలావాడితో, "తీగ ముట్టుకోవద్దన్నావు, వల వెయ్యొద్దనలేదుగా" అంది. వాడు ఆలోచించి, అనలేదని ఒప్పుకున్నాడు. ఆమె వలని ఏడెనిమిది మడతలు వేసి ఆ వంపు పొడవునా తీగ మీద పరిచింది. రెండో వల దాని మీద పరిచింది. పరిచి చేత్తో ఒత్తి చూసుకుంది. ముల్లు గుచ్చుకుని అరచేతిలో రక్తం వచ్చింది.

"ఊఁ, జరపండి" అంది.

పడవ తోక వలల మీద జారుతూ అవతలికి వెళ్లి, చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది. చెక్కకి గీత పడలేదు. కిందికి దిగి, ఒడ్డున బల్లలు మళ్లీ బిగించి నీళ్లలోకి తోశారు. మొదట సందుల్లోంచి నీళ్లు చిమ్మాయి. మా మరిది లోపల కూర్చుని డబ్బాతో తోడుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి తోడటం తగ్గింది. సాయంత్రానికి ఆపేసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలా కూర్చున్నాడు. నేను ఒడ్డున కూర్చున్నాను.

"వదినా, ఆకలేస్తోంది" అన్నాడు.

అంతే. ఆ తర్వాత తలుపులు బిగించే పని మాట మా ఇంట్లో వినబడలేదు.

చీకటి పడకముందే పిన్ని దగ్గరికి వెళ్లాను. తీగ మీది వలలు పేలికలైపోయాయి. ఆమె ఒక్కొక్క ముక్కా విడదీసి తీస్తోంది. నేనూ పక్కన చేరి తీస్తూ, ఇన్నాళ్లూ రానందుకు ఏం చెప్పాలో తెలియక, వలలకి ఏదో ఒకటి ఇచ్చుకుంటాం పిన్నీ అన్నాను.

"నాకు వల నువ్విచ్చేదేమిటే. నా చేతులు పోయాయా?" అంది. తర్వాత కంచె అవతలున్న తన సగం వైపు చూసింది. రెండు నెలల ఆకు మేట వేసి, గడ్డి మొలిచి ఉంది. ఆ చెదారాన్ని మాత్రం ఆమె భరించలేకపోయింది. కళ్లు తుడుచుకుంది. "చూడు, ఎలా పడేశారో. నీకంతగా ఉంటే ఎప్పటికైనా ఒక్కసారి నా సగం ఊడ్చి పెట్టు. అదే బాకీ ఉంచుకో."

సరేనన్నాను. ఆ మర్నాడు బావి దగ్గర నలుగురూ ఉండగా, మేర చెప్పమని తల ఊపింది నేనేనని చెప్పాను. వారం తిరక్కుండా వలలు మళ్లీ పిన్ని గుమ్మంలోకి వచ్చాయి. బాకీ మాత్రం ఉండిపోయింది. కంచె అవతల చీపురు అందదు కదా.

గాలిదొర తను కట్టించిన ఆ అతిథుల ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఇంకెవరికో అమ్మాడు, ఆ ఇంకెవరో ఒక కంపెనీకి అమ్మారు. మా మరిది పడవలన్నీ ఏళ్ల తరబడి అంచు మీదే దిగాయి, చివరికి ఊరికి అది పండగలా అలవాటైంది. అత్తయ్య పోయింది. అన్ని దీవుల జనం ఎన్నేళ్లో తిరిగి తిరిగి, అరిచి అరిచి, ఒడ్డుకి పోయే పాత దారులన్నీ తెరవాలని ఉత్తర్వు తెచ్చుకున్నారు. పోయిన నెలలో ఇద్దరు మనుషులు వచ్చి, తుప్పుపట్టిన ఆ కంచెని ఒక్కపూటలో పీకి పట్టుకుపోయారు. ఇంత తేలికైన పనా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే దీపం పెట్టి చీపురు తీసుకున్నాను. పిన్నికి ఎనభై ఆరేళ్లు. చూపు మసకబారింది. పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది, చప్పుడు వింటోంది. నా సగం ఊడ్చుకుంటూ మధ్యదాకా వచ్చాను. చెయ్యి దానంతట అదే ఆగిపోయింది.

"ఆగావేం? కంచె పోలేదా?"

"పోయింది పిన్నీ."

"మరి?"

మధ్య దాటాను. ఇరవై ఎనిమిదేళ్ల మట్టి అది, చీపురుకి లొంగలేదు. పార తెచ్చి గడ్డి చెక్కాను, రాళ్లు ఏరాను, మళ్లీ ఊడ్చాను. ఒత్తి ఊడవమని, బండ పక్కన ఆకు చేరుతుందని, నడుం వంచితే అరిగిపోవని ఆమె పై నుంచి చెబుతూనే ఉంది. ఎండెక్కేసరికి ఒడ్డు దాకా వెళ్లి తిరిగొచ్చాను.

పిన్ని గోడ పట్టుకుని కిందికి దిగింది. చెప్పులు విప్పేసి, అరికాళ్లతో నేలని తడుముకుంటూ దారిలోకి వచ్చింది. తన సగంలో నాలుగడుగులు వేసింది. ఇంకా నడిచింది. నా సగంలోకి వచ్చి ఆగి, ఒకసారి ఇటూ ఒకసారి అటూ పాదం ఆనించి చూసుకుంది.

"ఇది నీ సగమా, నాదా?" అని అడిగింది.

కిందికి చూశాను. ఒక చివర నుంచి రెండో చివర దాకా చీపురు గీతలు ఒకటిగానే ఉన్నాయి.

"తెలియడం లేదు పిన్నీ."

"అయితే బాగానే ఊడ్చావు" అంది. "బాకీ తీరింది, పో."